కంటివేళ్ళ మేత

ఓడని ఆపేశారన్న కబురు వచ్చేసరికి చంద్రావతి మోచేతుల దాకా గంజిలో ఉంది.

ప్రయోగశాలకి అధిపతి, గవ్వలదీవి అంతటా పేరున్న శాస్త్రవేత్త, తొట్టిలో చేతులు పెట్టి గంజి కలపడమేమిటని మీరడగొచ్చు. రోజూ కలిపే తవిటమ్మకి ఆ పొద్దున నడుం పట్టేసింది. ఇరవై రెండేళ్ళుగా ఆంక్షల కింద బతుకుతున్న దేశంలో ఇది నీ పని, అది నా పని అని గిరిగీసుకుని కూర్చుంటే ఏదీ తెమలదు. తవిటమ్మ గోడవార ముక్కాలిపీట మీద కూర్చుని, నడుం పట్టుకుని, అజమాయిషీ మాత్రం మానకుండా చేస్తోంది.

"అలాక్కాదమ్మా. అడుగునుంచి తిప్పాల. మెతుకు నలగాల. ఏటి సదువుకున్నావో ఏటో."

అప్పుడే ఫోను మోగింది. ఆరోగ్యశాఖ కార్యదర్శి ఇప్పిలి జగ్గారావు. మంచీ చెడ్డా అడక్కుండానే అసలు సంగతికొచ్చాడు.

"మేత ఓడని కూటమి వాళ్ళు పట్టుకున్నారు డాక్టరమ్మా. అందులో ఉన్నది జీవాయుధమట. తనిఖీకి మూడు నెలలు పడుతుందట."

"మర్వాలో మనవాళ్ళ దగ్గర ఎంతుంది?"

"రేపటికి సరిపోతుంది."

చంద్రావతి చేతులు తొట్టిలోంచి తీసింది. గంజి నేలమీద బొట్లు బొట్లుగా కారుతోంది. మర్వాలో పద్నాలుగుమంది డాక్టర్లున్నారు. అందులో ఒకరు ఆవిడ చెల్లెలు ఊర్మిళ.

గవ్వలదీవి కథ కొత్తవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పాలి. ఎప్పుడో తెల్లదొరల కాలంలో చెరుకు తోటల కోసం మన తూర్పు తీరం నుంచి ఓడల్లో తీసుకుపోయిన కూలీల మనుమలూ మునిమనుమలూ ఉండే దీవి అది. ఇరవై రెండేళ్ళ కిందట తమ రేవులో పరాయి యుద్ధనౌకలు ఉండటానికి వీల్లేదని ఆ దేశం తెగేసి చెప్పింది. ఏడు పెద్ద దేశాల కూటమికి కోపం వచ్చింది. మందులు ఆగిపోయాయి, యంత్రాల విడిభాగాలు ఆగిపోయాయి. ఆస్పత్రుల్లో స్కానింగ్ యంత్రాలు ఒక్కొక్కటే కన్నుమూశాయి.

యంత్రం లేకపోతే మనిషినే యంత్రం చేద్దామనుకుంది చంద్రావతి. డాక్టరు సొంత తోలులోంచే కణాలు తీసి, వాటిలో చెమటని రుచి చూసే సూక్ష్మజీవిని కాపురం పెట్టి, పల్చటి పొరగా పెంచి, కుడిచేతి ఐదు వేలికొసల మీదా నరాలకి అతికేలా కుట్టింది. ఆ వేళ్ళు రోగి కడుపుమీద పెడితే లోపల కుళ్ళుతున్నదేదో, వాస్తున్నదేదో డాక్టరుకి తెలిసిపోతుంది. చేదుగా తెలుస్తుందని ఒకరంటారు, మంటగా తెలుస్తుందని ఇంకొకరంటారు. జనం వాటికి కంటివేళ్ళు అని పేరు పెట్టారు.

ఊరికే ఏదీ రాదు కదా. ఆ వేళ్ళకి మామూలు స్పర్శ పోతుంది. పట్టుచీరా గోనెపట్టా ఒకటే. పైగా వాటికి రోజూ మేత కావాలి, అరగంటసేపు మేత నీళ్ళలో వేళ్ళు నానాలి. మేత లేకుండా ఎనిమిది రోజులు ఉంటాయి. తొమ్మిదో రోజు పొద్దుగుంకేసరికి పొర చస్తుంది, చస్తూ చస్తూ కింది నరాల్ని కూడా తీసుకుపోతుంది. ఆ తరవాత చెయ్యి చెక్కముక్కే.

ఆ డాక్టర్లే దేశానికి ఎగుమతి అయ్యారు. సముద్రమంటే తెలియని మర్వా దేశానికి డాక్టర్లు వెళ్తారు, మర్వా నుంచి డీజిలూ మందుల ముడిసరుకూ వస్తాయి. కూటమి పత్రికలు వాళ్ళని బానిసలని రాస్తాయి. గవ్వలదీవి పత్రికలు దేశమాత ముద్దుబిడ్డలని రాస్తాయి. మీరేమనుకుంటున్నారమ్మా అని ఆ డాక్టర్లని అడిగినవాడు మాత్రం ఈ పత్రికలోనూ లేడు, ఆ పత్రికలోనూ లేడు.

ఇక్కడొక అబద్ధముంది. అది చంద్రావతి సంతకంతో ఉంది. మొదటి జట్టులో ఇద్దరు డాక్టర్లు కూటమి దేశాలకి జారిపోయాక, పదకొండేళ్ళ కిందట మంత్రిత్వశాఖ ఒక కాగితం తయారుచేసింది: మేత గవ్వలదీవి ఊటనీళ్ళలో తప్ప మరెక్కడా తయారుకాదు అని. నిజానికి మేతలో ఉన్నది గంజి పులియబెట్టి చేసే తరవాణిలో ఉన్నదే, ఇంకో రెండు దినుసులు ఎక్కువ. కానీ సంతకం పెట్టింది. దేశం కోసమే కదా అనుకుంది. ఊర్మిళ కూడా ఆ కాగితం నమ్మే కంటివేళ్ళు కుట్టించుకుంది.

నాలుగేళ్ళ కిందట వాళ్ళమ్మ పోయినప్పుడు ఊర్మిళ రాలేదు. కూటమి విమానం ఎక్కితే రెండు రోజుల్లో రావచ్చు. కానీ దారిలో పట్టుకుని మేత లాక్కుంటే చెయ్యి పోతుందని భయం. ఎక్కడ ఆపినా అక్కడే గంజి కాచుకోవచ్చే, ఏం కాదు అని అప్ప చంద్రావతి ఒక్కమాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. అమ్మ చితికి చంద్రావతే నిప్పుపెట్టింది, పెట్టి మర్నాడు తొట్టి దగ్గరకి వచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఆవిడ జగ్గారావు గదికి వెళ్ళింది.

"మేత ఎలా చేసుకోవాలో వాళ్ళకి చెప్పేద్దామండి. ఒక్క టెలిగ్రాం చాలు."

జగ్గారావు చెడ్డవాడు కాదు. మంచి చొక్కా రెండే ఉన్నవాడు, దేశంతో పాటే పస్తులున్నవాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"టెలిగ్రాం కూటమి చదవదా? మనకున్నది అదొక్కటే రహస్యం. అది పోయిందనుకో, డాక్టర్లు ఎవరి దారి వాళ్ళు చూసుకుంటారు. మర్వాకి మనం పంపడానికేముంటుంది? డీజిలు రాదు. డీజిలు లేకపోతే మన ప్రసూతి వార్డులో దీపం వెలగదు. నువ్వు పద్నాలుగు చేతుల గురించి మాట్లాడుతున్నావు. నేను నాలుగు లక్షలమంది గురించి మాట్లాడుతున్నాను."

"మరి ఆ చేతుల్నేం చేద్దామంటారు?"

"బేరం ఆడుతున్నాం. ఓడ వదులుతారేమో."

"వాళ్ళు బేరం మొదలుపెట్టేశారు. మర్వాలో వాళ్ళ కాన్సులేటు ముందు బోర్డు కట్టారట. వచ్చిన డాక్టరుకి మేత ఇస్తాం, పౌరసత్వం ఇస్తాం అని. మన ఓడలోంచి తీసిన మేతే. అత్తసొమ్ము అల్లుడు దానం."

"తెలుసు. అప్పుడే ఇద్దరు వెళ్ళారు." జగ్గారావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "డాక్టరమ్మా, తాడు తెంపుకుంటే పడవ ఎటుపోతుందో చెప్పలేం."

"ఆ తాడు పడవకి కట్టలేదండి. మనుషుల మెడకి కట్టాం. కట్టిన చెయ్యి నాది."

ఆయన ఫైలు తెరిచి చదవడం మొదలుపెట్టాడు. ఆవిడ లేచి వచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి రేడియో కేంద్రంలో కుటుంబాల కార్యక్రమం. కూటమి ఫోను తీగలు కోసేశాక మిగిలింది ఇదే. డాక్టర్ల ఇంటివాళ్ళు వరసలో నిలబడి, ఒక్కొక్కరు రెండేసి నిమిషాలు మైకులో మాట్లాడతారు. మర్వాలో డాక్టర్లు రేడియో చుట్టూ చేరి వింటారు. వాళ్ళ జవాబులు గురువారం వస్తాయి. మైకు పక్కన అప్పలసూరి అనే ఉద్యోగి ఒక మీట మీద వేలుపెట్టి కూర్చుంటాడు. పనికిరాని మాట వస్తే నొక్కి ప్రసారం కోసేస్తాడు. పదేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని అందరి ఇళ్ళ పచ్చళ్ళూ, అందరి మోకాళ్ళ నొప్పులూ వింటున్నవాడు.

చంద్రావతి వంతు వచ్చింది.

"ఊర్మీ, అప్పని. కాగితం తీసుకుని రాసుకో. శేరు బియ్యం వండి గంజి వార్చు. కొత్త కుండలో పొయ్యి. అందులో నిన్నటి అన్నం రెండు గుప్పిళ్ళు వెయ్యి."

అప్పలసూరి నవ్వుకున్నాడు. మర్వాలో తిండి చప్పగా ఉంటుందని ప్రతివాళ్ళూ ఏదో ఒక వంట చెబుతూనే ఉంటారు. తరవాణి కాబోలు అనుకున్నాడు.

"సున్నపు తేట నాలుగు చెంచాలు. నాచు ఎండబెట్టి కాల్చిన బూడిద గుప్పెడు. అక్కడ సముద్రం లేదు, చెరువు నాచైనా పనికొస్తుంది."

నాచు బూడిద తరవాణిలో ఎవరు వేస్తారు? అప్పలసూరి తలెత్తాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మీట మీద వేలు అలాగే ఉంది. చంద్రావతి అతన్ని బతిమాలలేదు. అతని కళ్ళలోకి చూస్తూనే మిగతాది చెప్పింది.

"శుద్ధిచేసిన తొడుగులు వేసుకుని బాగా కలుపు. రెండు రోజులు మూతపెట్టి ఉంచు. మీకది తరవాణి కాదమ్మా, మేత. మీ పద్నాలుగుమందికీ చెబుతున్నాను, కూటమి వాళ్ళు వింటుంటే వాళ్ళనీ రాసుకోమనండి. మేత ఈ దీవి నీళ్ళలోనే తయారవుతుందని నేను సంతకం పెట్టాను. అది అబద్ధం. అమ్మ పోయిన రోజున కూడా అది అబద్ధమని నాకు తెలుసు."

అప్పలసూరి మీట నొక్కలేదు. రెండు నిమిషాలూ పూర్తయ్యాక గడియారం చూసి, "తరవాత ఎవరండీ" అని మామూలుగా పిలిచాడు. సాయంత్రానికి అతని ఉద్యోగం పోయింది. చంద్రావతి ప్రయోగశాల తాళాలు తీసేసుకుని, రేడియో కేంద్రం ఛాయలకి రాకూడదని ఉత్తరువు ఇచ్చారు. చెప్పొద్దూ, పదకొండేళ్ళ తరవాత ఆ రాత్రే ఆవిడకి ఒళ్ళెరగని నిద్ర పట్టింది.

అక్కడితో అయిపోతే కథ ఎందుకు చెప్పుకుంటాం?

గురువారం ఊర్మిళ గొంతు వచ్చింది. వీధి చివర టీ దుకాణంలో రేడియో ముందు నిలబడి వింది చంద్రావతి. పక్కన తవిటమ్మ, నడుముకి గుడ్డ బిగించి కట్టుకుని.

"అప్పా, రెండుసార్లు చేశాం. పులవడం లేదు. కుళ్ళిపోతోంది. కుండలు మరగబెట్టాం, మూతలు కడిగాం, తొడుగులు వేసుకునే కలిపాం. నువ్వు చెప్పినదాంట్లో ఏదో లేదు. నా చిటికెనవేలు నిన్నటి నుంచి ఏమీ చెప్పడం లేదు." కాసేపు గరగర. "ఇంకో ఇద్దరు బోర్డు దగ్గరకి వెళ్ళారు. వాళ్ళని తిట్టకండి. ఇద్దరికీ చిన్నపిల్లలు. నేను వెళ్ళను. నువ్వు ఈసారైనా నిజం చెప్పావో లేదో అది చెప్పు."

ఆ ఆఖరి మాటకి చంద్రావతి బల్లమీద కూలబడింది. బియ్యం, అన్నం, సున్నం, నాచు, కుండ, రెండు రోజులు. మళ్ళీ లెక్కపెట్టుకుంది. ఏదీ తప్పలేదు. సున్నం వేరేదా? నీళ్ళు ఉప్పువా? కుడితిలో పడ్డ ఎలుకలా ఆ దినుసుల్లోనే తిరుగుతోంది మనసు.

తవిటమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"ఏటమ్మా, తొడుగులేసుకుని కలిపినారా ఆలు?"

"వేసుకోమని నేనే చెప్పాను కదా."

"ఎందుకు సెప్పినావు? నానేనాడైనా తొడుగేసుకున్నానేటి? మొన్న నువ్వు కలిపినప్పుడు నీ సేతికేటుంది? ఉత్తసేత్తో పిసక్కపోతే ఎలాగ పులుస్తాదమ్మా. మా అమ్మ సెయ్యి తగిల్తే ఒక్క పూటకే పులిసేది. మా వొదిన సెయ్యి పెడితే రెండ్రోజులు. సెయ్యే కదా దానికి ఇత్తనం."

చంద్రావతి తన చేతులకేసి చూసుకుంది.

ఎక్కడ తప్పిందో ఇప్పుడు తెలిసింది. ఆంక్షలు మొదలైన రెండో ఏడు దేశంలో రబ్బరు తొడుగులు అయిపోయాయి. అప్పటినుంచి తొట్లు ఉత్తచేత్తోనే కలిపారు. కానీ బయటి దేశాల తనిఖీవాళ్ళు వస్తే మనల్ని మొరటువాళ్ళనుకుంటారని, కాగితాల మీద మాత్రం "శుద్ధిచేసిన తొడుగులు ధరించి" అని రాసుకుంటూ వచ్చారు. రాసింది చంద్రావతే. కాగితానిది కాగితమే, చేతిది చేతిదే. ఇరవయ్యేళ్ళలో రెండూ ఒకదానికొకటి ఎదురుపడనే లేదు. తీరా లోకం వినేలా మాట్లాడాల్సి వచ్చినప్పుడు నాలుక కాగితాన్నే చదివింది. లేమి దాచుకోవడానికి రాసిన ముక్క చెల్లెలి చెయ్యి తినేస్తోంది. మనిషి చేతిమీద ఉండే కంటికి కనపడని జీవులే మేతని పులియబెడతాయని డాక్టరేటు ఉన్న తనకి తట్టలేదు, తవిటమ్మ అడగాల్సి వచ్చింది.

గురువారం సాయంత్రం. సోమవారంతో తొమ్మిది రోజులు. మధ్యలో ఆదివారం ఒక్కటే ఉంది. జగ్గారావుని ఫోనులో పట్టుకుంది. ఒక్క వాక్యం పంపమంది. ఆయన, "తప్పు మందు చెప్పావని కూటమి ఇప్పుడిప్పుడే నమ్ముతోంది. ఇదే మనకి కలిసొచ్చింది. నన్నడగకు" అని పెట్టేశాడు.

ఆదివారం రేడియో కేంద్రం గేటు బయట, ఎండలో, డాక్టర్ల కుటుంబాలు వరస కట్టి ఉన్నాయి. కార్యక్రమం ఆపేస్తే లోకానికి అనుమానం వస్తుందని ఆపలేదు. మీట దగ్గర కొత్త మనిషిని పెట్టారు. చంద్రావతి గేటు దాటకూడదు కాబట్టి బయటే నిలబడింది. వరసలో ముందున్నది కనకమాలక్ష్మి, బడిలో లెక్కలు చెప్పే టీచరు. భర్త మర్వాలో డాక్టరు.

"అమ్మా, నాకోసం ఒక్కమాట చెప్పాలి లోపల," అంది చంద్రావతి.

కనకమాలక్ష్మి ఆవిడని ఎగాదిగా చూసింది.

"మీకోసమా? మా ఆయన సెలవుకి వచ్చినప్పుడు పిల్లని ఎత్తుకుని బుగ్గ నిమిరేవారు. ఏం తెలుస్తోందండీ అని అడిగితే, దీనికి రక్తం తక్కువగా ఉందే అన్నారు. అది మీరిచ్చిన వేళ్ళతో తెలిసింది. దేశం కోసమని ఓర్చుకున్నాం. మీరేమో అబద్ధం మీద సంతకం పెట్టారు. ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నారు?"

"ఈ మొహమే. వేరేది లేదు. నన్ను తరవాత తిట్టండి, ఊరంతా కలిసి తిట్టండి, నిలబడి వింటాను. ఇవాళ మాత్రం ఆ మాట వెళ్ళాలి. వెళ్ళకపోతే రేపు సాయంత్రానికి ఆయన చేతికి రక్తం ఉన్నదీ తెలీదు, లేనిదీ తెలీదు."

తవిటమ్మ కల్పించుకుంది. "సెప్పు తల్లీ. తొడుగులొద్దు, ఉత్తసేత్తో పిసకమని సెప్పు. అంతే."

వరసలో వెనకనుంచి ఒక ముసలాయన, కోడలు మర్వాలో ఉన్నాయన, నెమ్మదిగా అన్నాడు. "ఒక్కరు చెబితే మధ్యలో కోసేస్తారు. అందరం చెబుదాం. లోపలికెళ్ళగానే అదే ముందు అనేద్దాం. ఎలా ఉన్నావు, ఏం తిన్నావు అవన్నీ ఈ వారానికి వద్దు."

వారానికి ఉన్నది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల కోసం వారమంతా మాటలు కూడబెట్టుకుంటారు వాళ్ళు. పిల్లకి పన్ను ఊడిన సంగతి, గోడ తడిసి కూలిన సంగతి, ఎవరికి పెళ్ళి కుదిరిందో ఆ సంగతి. అవన్నీ ఆ రోజు గేటు బయటే వదిలేసి లోపలికి వెళ్ళారు.

గేటుకి తగిలించిన లౌడుస్పీకరులో చంద్రావతి అంతా వింది.

"తొడుగులు వద్దు, ఉత్తచేత్తో కలపండి" అంది కనకమాలక్ష్మి గొంతు. వెంటనే తెగిపోయింది.

"ఉత్తచేత్తో" అంది రెండో గొంతు. తెగింది.

మూడోవాడు ఊపిరి తీసుకునేలోపే తెగింది. కొత్త మనిషికి సంగతి అర్థమైంది. నాలుగో ఆవిడ తెలివిగా, "నాన్నా, బాగున్నావా" అని మొదలుపెట్టి, అతని వేలు సడలాక, "తొడుగులు తీసేసి ఉత్తచేత్తో పిసుకు నాన్నా, రేపటిలోగా" అనేసింది. ముసలాయన వణికే గొంతుతో మూడుసార్లు అన్నాడు. మొదటిది వెళ్ళింది. ఆఖరుకి వచ్చేసరికి సంగతి ఎలా ఉందంటే, మీట నొక్కేవాడు విసిగి నొక్కడం మానేశాడు. పదమూడు కుటుంబాల్లో ఏడుగురి మాట పూర్తిగా వెళ్ళింది. కూటమి కాన్సులేటుకి వెళ్ళిపోయిన నలుగురి ఇంటివాళ్ళు కూడా వరసలోనే నిలబడి చెప్పారు. వాళ్ళ మనిషి వినకపోయినా పక్కవాడు వింటాడని చెప్పారు.

బయటికి వస్తూ కనకమాలక్ష్మి చంద్రావతి ముందు ఆగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మీ మీద కోపం పోలేదండి," అని వెళ్ళిపోయింది.

"పోకూడదు కూడా," అంది చంద్రావతి, ఆవిడకి వినపడకపోయినా.

సోమవారం పొద్దు గుంకింది. మంగళవారం గడిచింది. మర్వా నుంచి గురువారం దాకా ఏమీ రాదని తెలిసి కూడా ఆవిడ టీ దుకాణం దగ్గరే తిరిగింది. బుధవారం పోలీసులొచ్చి విచారణ సంఘం ముందుకి తీసుకుపోయారు. మర్నాటి జవాబుల కార్యక్రమం ఆవిడ వినకుండానే జరిగిపోయింది.

శుక్రవారం ఉదయం సంఘం కూర్చుంది. ముగ్గురు సభ్యులు, పక్కన జగ్గారావు. ఆవిడ ముందు ఒక కాగితం పెట్టారు. రెండు ఆదివారాలూ తాను చెప్పినదీ, చెప్పించినదీ మతి చలించి చెప్పిన మాటలని, మేత గవ్వలదీవిలో తప్ప తయారుకాదని ఉంది అందులో. కింద సంతకానికి చోటు.

"ఇది పెడితే ఇంటికి వెళ్ళొచ్చు. తొట్టి దగ్గరకీ వెళ్ళొచ్చు," అన్నాడు అధ్యక్షుడు. "దేశం చేతిలో ఇంకా బేరానికి ఒక వస్తువు మిగులుతుంది."

"చేతులు బతికాయా?" అంది చంద్రావతి. ఆవిడకి కావలసింది అదొక్కటే.

వాళ్ళు కాగితాలు సర్దుకున్నారు. జగ్గారావే చెప్పాడు. "మిగిలిన పదిమందిలో తొమ్మిదిమందివి బతికాయి. ఒకాయనది పోయింది. మీ చెల్లెలికి చిటికెనవేలు పోయింది, నాలుగు నిలిచాయి."

చంద్రావతి బల్ల అంచు పట్టుకుంది. ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఆ ఒకాయన ఎవరని అడిగింది. పేరు చెప్పారు. కనకమాలక్ష్మి భర్త కాదు, ముసలాయన కోడలూ కాదు. ఇంకెవరి ఇంటికో వెళ్ళి ఆ గుమ్మంలో నిలబడాలి. వెళ్తాననుకుంది.

"సంతోషించకండి," అన్నాడు అధ్యక్షుడు. "మీరు చేసిన ఉపకారమేమిటో మీ చెల్లెలి నోటే వినండి." టేపు వేయించాడు.

గరగర. తరవాత ఊర్మిళ.

"అప్పా, పులిసింది. చేత్తో కలిపాక ఒక్క పూటలో పులిసింది. ఇక్కడి నర్సులు కూడా చెయ్యి పెట్టి నేర్చుకుంటున్నారు." కుర్చీ జరిగిన చప్పుడు. "నాలుగేళ్ళుగా నేనొక మాట అనుకుంటూ ఉన్నాను, అమ్మని చూసుకోలేకపోయానే, నా తలరాత ఇంతేనని. తలరాత కాదని తెలిసింది. అది నీ చేతిరాత. అది నేను మర్చిపోను. వచ్చే నెల నా గడువు అయిపోతుంది. పక్క దేశం రేవుకి ఓడ వస్తుందంటున్నారు. నేను ఎక్కను. కూటమికీ వెళ్ళను. ఇక్కడ ఈ జ్వరాల వార్డు నాది, ఇక్కడే ఉంటాను. నేను రాను అప్పా."

టేపు ఆగింది.

"విన్నారుగా," అన్నాడు అధ్యక్షుడు. "మేత చేసుకోవడం తెలిశాక రానన్న మొదటి డాక్టరు. అదీ మీ ఇంటినుంచే. ఇక మిగతావాళ్ళు మాత్రం ఎందుకొస్తారు? ఇప్పటికైనా పెట్టండి సంతకం."

"ఇంకోసారి వెయ్యండి," అంది చంద్రావతి.

"ఏం?"

"ఆ చివరి మాట. ఇంకోసారి వెయ్యండి."

వేశారు. నేను రాను అప్పా. చంద్రావతి కళ్ళు తుడుచుకుంది. ఆ మాట గుండెలో గునపం దిగినట్టే ఉంది. ఇంట్లో మంచం వేసి ఉంది ఊర్మిళ కోసం. ఇక దాని మీద పడుకునేవాళ్ళు లేరు. అది ఆవిడకి తెలుసు, ఆ బాధ మొహంలో దాచుకోలేదు. కాగితం తీసుకుని బల్ల మీదుగా వాళ్ళవైపే తోసింది.

"పదకొండేళ్ళుగా వీళ్ళంతా గడువు తీరగానే ఓడెక్కి వస్తున్నారండి. వాళ్ళు వస్తున్నారనుకున్నాం. రాను అనగలిగినవాళ్ళు వస్తేనే కదా వచ్చినట్టు. ఇవాళ నా చెల్లెలు ఒకతి రాను అంది. అంటే రేపు ఓడ దిగేవాళ్ళు ఎంతమందైనా సరే, ఇద్దరే కానివ్వండి, వాళ్ళు వచ్చినవాళ్ళు. వాళ్ళతో మీరు ఆస్పత్రి నడపొచ్చు, దేశం నడపొచ్చు, కూటమి బోర్డు పక్కన నిలబడి మాట్లాడొచ్చు. నేను ఒక అబద్ధానికి సంతకం పెట్టాను, మా అమ్మ చితిదాకా మోశాను. రెండోది పెట్టను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

అధ్యక్షుడు జగ్గారావు వైపు చూశాడు. జగ్గారావు ఆ కాగితం తీసి పక్కన పెట్టాడు. తరవాత గుమాస్తాని పిలిచి, "డాక్టరమ్మ అన్నది అన్నట్టు రాసుకోవయ్యా," అన్నాడు. "ఒక్క మాట వదలకుండా."

గుమాస్తా కలం తీశాడు. చంద్రావతి మొదటినుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది, అతను రాయగలిగేటంత నిదానంగా.